కంటినీటికి దారి చేసిన ఎలియట్ దొర

ప్రత్యేక సంచిక కోసం ఎవరైనా ఒక మహనీయుని జీవితం రాయవలసిందిగా మన సంఘం కార్యదర్శిగారు కోరినప్పుడు నాకు స్ఫురించిన పేరు మన నాయకులలో ఎవరిదీ కాదు. వారిని గురించి రాయగల సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. నేను రాయదలచినది 1936లో కన్నుమూసిన ఒక ఇంగ్లీషు కంటి డాక్టరును గురించి. ఆయన పేరు రాబర్ట్ హెన్రీ ఎలియట్. కంటి వైద్యం చదివినవారందరికీ తెలిసిన పేరు, మనబోటి పెన్షనర్లలో చాలామంది విని ఉండని పేరు. నా కుడికన్నులో ఇవాళ మిగిలి ఉన్న చూపు ఆయన చూపిన దారి వల్ల మిగిలిందే. ఆ రుణం కొంతైనా తీర్చుకుందామని ఈ నాలుగు మాటలు.

ముందుగా మా ఇంటి సంగతి చెప్పాలి. మాది లక్సెట్టిపేట. అప్పుడు ఆదిలాబాద్ జిల్లా, 2016 నుంచి మంచిర్యాల జిల్లా. మా బాపు తెల్లవారుజామున లాంతరు లేకుండా గోదావరి స్నానానికి నడిచి వెళ్ళే మనిషి. అరవై దాటాక గడపలు తట్టుకోవడం మొదలైంది. ఎదురుగా నిలబడ్డవాళ్ళను గుర్తుపట్టేవాడు గాని, పక్కన పెట్టిన చెంబును కాలితో తన్నేసేవాడు. పరాకు ఎక్కువైందని మా అవ్వ కోప్పడేది. నొప్పి లేదు, ఎరుపు లేదు. ముసలితనం అనుకున్నాం. మోతియాబిందు అయితే ముదిరిన తర్వాత తీయిస్తారని ఎవరో చెబితే, ముదిరేదాకా ఆగాం. 1978లో పట్నం తీసుకుపోతే అది మోతియాబిందు కాదని, నీటికాసులని, పోయిన చూపు తిరిగి రాదని చెప్పారు. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు ఆయన ఒకరి చేయి పట్టుకునే నడిచాడు. ఎక్కువగా ఆ చేయి నాదే. మేము ఆగిన ఆ కొన్నేళ్ళ సంగతి నేను ఈనాటికీ మరచిపోలేదు.

నీటికాసులు అంటే ఏమిటి?

డాక్టర్లు గ్లాకోమా అనేది ఈ జబ్బునే. మన కంటి ముందుభాగంలో ఎప్పుడూ కొద్దిగా నీరు ఊరుతూ ఉంటుంది. ఏడిస్తే వచ్చే కన్నీరు వేరు, ఇది వేరు. ఇది కంటి లోపలే పుట్టి, లోపలి భాగాలకు పోషణ ఇచ్చి, నల్లగుడ్డు అంచున ఉన్న జల్లెడ వంటి దారి గుండా రక్తంలోకి పోతుంది. గంటన్నర రెండు గంటలలో పాత నీరు పోయి కొత్త నీరు చేరుతుంది. ఊరేది, పోయేది సమానంగా ఉన్నంతవరకు కంటిలో ఒత్తిడి మామూలుగా ఉంటుంది. లెక్కలో చెప్పాలంటే 10 నుంచి 21 వరకు.

మన చెరువులతో పోల్చుకుంటే సులువుగా అర్థమవుతుంది. వాగు నీరు వస్తూనే ఉంది, తూము పూడిపోయింది అనుకోండి. భారమంతా కట్ట మీద పడుతుంది. కంటిలో ఆ భారం వెనుక ఉన్న నరం మీద పడుతుంది. ఆ నరంలో సుమారు పది పన్నెండు లక్షల సన్నని పోగులు ఉంటాయి. చూసినదాన్ని మెదడుకు చేరవేసేవి అవే. అవి ఒక్కొక్కటిగా ఎండిపోతాయి. ముందు పక్కచూపు పోతుంది, ఎదుటిచూపు చివరిదాకా నిలుస్తుంది. అందుకే మనిషికి తెలియదు. మా బాపు మనుషులను గుర్తుపట్టి చెంబును తన్నడం ఇందువల్లనే.

ఎలియట్‌కు ముందు

ఈ జబ్బుకు మొదట శస్త్రచికిత్స చూపిన ఘనత బెర్లిన్‌లోని ఆల్బ్రెఖ్ట్ ఫాన్ గ్రేఫె అనే డాక్టరుది. కంటి నల్లపొరలో చిన్న ముక్క కత్తిరిస్తే, హఠాత్తుగా తీవ్రమైన నొప్పితో వచ్చే నీటికాసులు తగ్గుతాయని 1857లో ఆయన ప్రకటించారు. అంతకుముందు ఆ రోగులకు చీకటే గతి. అయితే నొప్పి లేకుండా ఏళ్ళ తరబడి మెల్లగా సాగే రకానికి ఆ కోత అంతగా పనిచేయలేదు. మరొక సంగతి. కన్ను గట్టిపడకుండానే నరం గుంటపడి చూపు పోయిన రోగులను కూడా గ్రేఫె చూశారు. ఒత్తిడి లేదు కాబట్టి అది వేరే జబ్బు అని పక్కన పెట్టారు. ఆయన పక్కన పెట్టిన ఆ సంగతి దగ్గరికి ఈ వ్యాసం చివర మళ్ళీ రావలసి ఉంది.

మద్రాసుకు రాక

ఎలియట్ 1864లో జన్మించారు. లండన్‌లో సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో వైద్యం చదివి, 1892లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. అది సైన్యానికి, సర్కారుకు రెండింటికీ పనిచేసే కొలువు. ఎక్కడ వేస్తే అక్కడికి పోవాలి, ఏ పని అప్పగిస్తే అది చేయాలి. బదిలీల రుచి తెలిసిన మనకు అది చెప్పనక్కరలేదు.

కళ్ళతో ఆయన పేరు ముడిపడక ముందు ఆయన చూపు పాముల మీద ఉండేది. నాగుపాము, కట్లపాము విషాలు గుండెను, రక్తనాళాలను, శ్వాసను ఎలా దెబ్బతీస్తాయో పరిశోధించారు. ఆ పత్రాలు 1905 ప్రాంతంలో లండన్‌లోని రాయల్ సొసైటీ పత్రికలో వెలువడ్డాయి. ఊరూరా చెప్పుకునే మాటను నమ్మకుండా, తోసివేయకుండా, తానే కొలిచి చూడడం ఆయన అలవాటు. జన్మాంతం ఆ అలవాటు ఆయనను వదలలేదు.

1904లో ఆయన మద్రాసు ప్రభుత్వ కంటి ఆసుపత్రికి సూపరింటెండెంటు అయ్యారు. ఎగ్మూరులోని ఆ ఆసుపత్రి సామాన్యమైనది కాదు. 1819లో ఏర్పడింది. లండన్‌లోని మూర్‌ఫీల్డ్స్ తర్వాత ప్రపంచంలోనే అత్యంత పాత కంటి ఆసుపత్రులలో ఒకటి. ఆ రోజుల్లో మద్రాసు రాజధాని అంటే తమిళ జిల్లాలే కాదు, గంజాం నుంచి నెల్లూరు వరకు, కడప, కర్నూలు, బళ్ళారి, అనంతపురం కూడా అందులోనివే. మన వైపు నిజాం రాజ్యం గనుక లక్సెట్టిపేట ఆ లెక్కలోకి రాదు. అంత పెద్ద రాజధానికి అది పెద్దాసుపత్రి. ఎంతోమంది చూపు దాదాపు పోయిన తర్వాతనే అక్కడికి చేరేవారు.

1909 నాటి చిన్న బెజ్జం

మెల్లగా సాగే నీటికాసులతో వచ్చిన రోగులు ఆయనను కలత పెట్టారు. చుక్కల మందు ఉన్నది, కాని రోజూ వేసుకోవాలి. ఎక్కడో పల్లెకు తిరిగి వెళ్ళిపోయే కూలి మనిషి ఆ మందు జీవితాంతం ఎక్కడ తెచ్చుకుంటాడు? ఒక్కసారి చేస్తే చాలాకాలం నిలిచే పని కావాలి. అదీ త్వరగా, తేలికగా, చాలామందికి చేయగలిగేది కావాలి.

ఫ్రాన్సులో లాగ్రాంజ్ అనే డాక్టరు తెల్లగుడ్డు అంచులో కొంత ముక్క తీసి నీటికి దారి చేసే పద్ధతి అప్పటికే చూపించారు. అది చేయి తిరిగినవారికి గాని సాధ్యపడదు. ఎలియట్ 1909లో ట్రెఫైన్ అనే పరికరాన్ని ఎంచుకున్నారు. మనం ఆఫీసులో ట్యాగు వేయడానికి కాగితాలకు బెజ్జం పెట్టే మిషను గుర్తు తెచ్చుకోండి. గుండ్రని అంచు గల సన్నని గొట్టం. కంటిని కప్పి ఉండే పలుచని పొరను ముందు పైకి లేపి, నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే చోట సుమారు రెండు మిల్లీమీటర్ల బెజ్జం చేసి, పొరను మళ్ళీ యథాస్థానంలో కప్పేవారు. లోపలి నీరు ఆ బెజ్జం గుండా పొర కిందికి వచ్చి అక్కడే ఇంకిపోతుంది.

తూము పూడిన చెరువుకు మన పెద్దలు ఏం చేసేవారు? మత్తడి కట్టేవారు. ఎలియట్ చేసింది కంటికి మత్తడి.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. అదే సంవత్సరం గ్లాస్గోలో ఫెర్గస్ అనే డాక్టరు కూడా ట్రెఫైన్‌తో ఇటువంటి ప్రయత్నమే చేశారు. ఇద్దరి పద్ధతుల్లో తేడాలున్నాయి. కాని వందలాది కళ్ళకు చేసి, బెజ్జం ఎక్కడ పెట్టాలో, పొర ఎంతవరకు లేపాలో స్థిరపరచి, ఫలితాలు లెక్కగట్టి లోకానికి అందించింది మద్రాసు ఆసుపత్రి. 1913లో ఎలియట్ ఈ చికిత్స మీద పుస్తకం ప్రచురించారు. ఇంగ్లండులోనూ అమెరికాలోనూ డాక్టర్లకు చేసి చూపించారు. కొద్దికాలంలోనే దానికి ఎలియట్ ఆపరేషన్ అన్న పేరు స్థిరపడి, దేశదేశాల్లో దశాబ్దాల పాటు నిలిచింది. పైనుంచి కిందికి వచ్చే సర్క్యులర్లకే అలవాటుపడిన మనకు, మద్రాసు నుంచి లండన్‌కు పోయిన ఈ తపాలు సంతోషం కలిగిస్తుంది.

శుక్లాలు దించేవాళ్ళు

ఎలియట్ మద్రాసులో చేసిన మరొక పెద్ద పని ఉన్నది. ఆ కాలంలో సంతలలో, పల్లెల్లో తిరిగే నాటువైద్యులు సూదితో శుక్లాన్ని కంటి లోపలికి తోసేసేవారు. అడ్డు తొలగి రోగికి వెంటనే వెలుగు కనిపించేది. డబ్బు పుచ్చుకుని వైద్యుడు ఊరు దాటేవాడు. వారాలో నెలలో గడిచేసరికి కన్ను ఎర్రబడి, నొప్పిపుట్టి, చాలామందికి ఉన్నది కూడా పోయేది. మా ముత్తవ్వకు ఒక కన్ను అట్లాగే పోయిందని ఇంట్లో చెప్పుకునేవారు.

దొరలలో చాలామంది దీనిని మూఢత్వమని కొట్టిపారేశారు. ఎలియట్ ఆ పని చేయలేదు. అలా చెడి ఆసుపత్రికి వచ్చిన వందలాది రోగుల వివరాలు రాసుకున్నారు. పనికిరాకుండా పోయి తీసివేయవలసి వచ్చిన కనుగుడ్లను భద్రపరచి, కోసి, లోపల ఏమి జరిగిందో చూశారు. ఏ వైద్యుడు ఏ దారిన సూది గుచ్చుతాడో కూడా తెలుసుకున్నారు. 1917లో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్‌లో దీని మీద ఉపన్యాసాలు ఇచ్చి పుస్తకంగా వేశారు.

ఆ కళ్ళు చెడడానికి ముఖ్య కారణాలలో నీటికాసులు ఒకటి. లోపలికి తోసిన శుక్లం తూముకు అడ్డుపడవచ్చు, వాపు పుట్టించవచ్చు. శుక్లంలోని ప్రొటీన్ కంటినీటిలోకి కారి సన్నని దారులను మూసివేయగలదని తర్వాతి వైద్యులు తేల్చారు. అద్దంలా తేటగా ఉండవలసిన కంటినీటిలో మామూలుగా ప్రొటీన్ బహుస్వల్పం, రక్తంలో ఉన్నదానిలో నూరోవంతు కూడా ఉండదు. ఆ కొద్దిలో మార్పు వస్తే లోపల ఏదో జరుగుతున్నదని అర్థం.

చివరి రోజులు

1914 ప్రాంతంలో ఎలియట్ సర్వీసు ముగించి ఇంగ్లండు చేరారు. విశ్రాంతి మాత్రం తీసుకోలేదు. 1918లో నీటికాసుల మీద, 1920లో ఉష్ణదేశాల కంటి జబ్బుల మీద గ్రంథాలు వెలువరించారు. లండన్‌లో కంటి శస్త్రవైద్యునిగా, అధ్యాపకునిగా పనిచేశారు. పక్కచూపు ఎంత పోయిందో కొలిచేందుకు తెర వంటి సాధనాన్ని మెరుగుపరిచారు. మద్రాసులో కంటి వైద్యం నేర్పే పాఠశాలకు ఆయన పేరే పెట్టారు.

వృద్ధాప్యంలో ఆయన చేసిన ఒక పని వింతగా ఉంటుంది. గాలిలో తాడు నిలబెట్టి, దాని మీదికి పిల్లవాణ్ణి ఎక్కించి మాయం చేసే ఇంద్రజాలం మనదేశంలో ఉన్నదని విదేశాలలో గొప్పగా చెప్పుకునేవారు. లండన్ ఇంద్రజాలికుల సంఘంలో ఇటువంటి వింతలను విచారించే కమిటీకి ఎలియట్ అధ్యక్షులు. నలుగురి ఎదుట ఆరుబయట చేసి చూపినవారికి 500 గినీలు ఇస్తామని 1934లో ఆ కమిటీ ప్రకటించింది. ఆ బహుమతి ఎవరికీ దక్కలేదు. పాము విషమైనా, సూది వైద్యమైనా, తాడు మాయయైనా, విన్నదానితో ఊరుకోక విచారించడమే ఆయన పద్ధతి. 1936లో ఆయన మరణించారు.

మత్తడికి తలుపు

ఎలియట్ ఆపరేషన్‌లో లోపం లేదని చెప్పడం సత్యం కాదు. బెజ్జం మీద పలుచని పొర ఒక్కటే కప్పు. కొందరిలో నీరు అవసరానికి మించి పోయి కన్ను మెత్తబడేది. కొందరికి ఏళ్ళ తర్వాత ఆ పొర గుండా సూక్ష్మక్రిములు చొరబడి, దక్కిన కన్ను కూడా పోయేది. దీనికి విరుగుడు 1968లో కెయిర్న్స్ అనే ఇంగ్లండు డాక్టరు చూపించారు. బెజ్జం మీద తెల్లగుడ్డునుంచే సగం మందం మూతను చెక్కి ఉంచడం ఆ పద్ధతి. మత్తడికి తలుపు పెట్టారన్నమాట. ట్రాబెక్యులెక్టమీ అని పిలిచే ఆ ఆపరేషన్ నేటికీ చేస్తున్నారు. మూత కొత్తది, దారి ఎలియట్‌దే.

అంకె బాగున్నా జబ్బు ఉండవచ్చు

ఇక నా సంగతి. రిటైరైన తర్వాత బాపు జబ్బు గుర్తుండి, ఒకచోట కళ్ళు చూపించుకున్నాను. ఒత్తిడి కొలిచి పదహారు ఉన్నదని, నిశ్చింతగా ఉండమని చెప్పారు. ఎక్కడో, ఎవరో రాయడం మర్యాద కాదు. వెనుక నరాన్ని చూడమని అడగాలని నాకు తెలియదు, వారూ చూడలేదు. నాలుగేళ్ళు గడిచాయి. 2016లో బ్యాంకు కౌంటరు దగ్గర ఎడమపక్క నిలబడ్డ మనిషిని గుద్దుకున్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బాపు తన్నిన చెంబే కళ్ళముందు మెదిలింది. మంచిర్యాలలో రైలెక్కి హైదరాబాదు పోతే ఎడమకన్ను నరం చాలావరకు ఎండిందని, కుడికన్ను సగం మిగిలిందని తేలింది. అప్పుడు కూడా ఒత్తిడి మామూలు అంకెలలోనే ఉంది. చుక్కలతో ఆగకపోయేసరికి కుడికన్నుకు ఆపరేషన్ చేశారు. ఎలియట్ పేరు నేను మొదటిసారి విన్నది ఆ డాక్టరుగారి నోటనే.

గ్రేఫె పక్కన పెట్టిన రోగులను మీరు మరచిపోలేదనుకుంటాను. నేను ఆ కోవలోని వాణ్ణే. మనలాంటివారు తక్కువేమీ కాదు. 1996 నుంచి 2000 వరకు ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థవారు పదివేల పైచిలుకు మందిని పరీక్షించి ఆంధ్రప్రదేశ్ నేత్ర అధ్యయనం జరిపారు. హైదరాబాదుతోపాటు మన ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, పశ్చిమ గోదావరి పల్లెలు కూడా అందులో ఉన్నాయి. హైదరాబాదు భాగంలో మెల్లగా సాగే రకం నీటికాసులు ఉన్నవారిలో పదిమందికి తొమ్మిదిమంది పైగా ఆ సంగతే ఎరుగరు. మూడింట రెండువంతుల మందిలో కంటి ఒత్తిడి మామూలు అంకెలలోనే ఉంది. సగం మందికి అప్పటికే నరం బాగా దెబ్బతిన్నది.

ఒత్తిడి లేకుండా నరం ఎందుకు ఎండుతుంది? రక్తం సరిగా అందకపోవడం ఒక కారణమంటారు. ఇంకొక అనుమానం చిత్రమైనది. మన శరీరాన్ని కాపాడే రోగనిరోధక శక్తే పొరబడి, మన నరంలోని ప్రొటీన్లను పరాయివని దెబ్బతీస్తుందేమో అన్నది. ఇంటి కాపలావాడే ఇంటివాణ్ణి కొట్టినట్టు. దీనిని తేల్చడానికి జర్మనీలోని బోఖుమ్ వంటి చోట్ల శాస్త్రజ్ఞులు ఎలుకలకు నరం నుంచి తీసిన ప్రొటీన్లను టీకా వలె ఇచ్చి చూశారు. ఎలుకల కంటి ఒత్తిడి పెరగలేదు. అయినా కొద్ది వారాల్లో వాటి కంటిలోని నరకణాలు తగ్గిపోయాయి. అటువంటి ఎలుకల కంటినీటిలో ఏ ప్రొటీన్లు పెరిగాయి, ఏవి తగ్గాయి అని కూడా పరీక్షిస్తున్నారు. నరం ఎండకముందే కంటినీటిలో గుర్తు దొరికితే, జబ్బును ముందే పట్టవచ్చునని వారి ఆశ. ఇది ఇంకా పరిశోధన దశలోనిదే, మన దవాఖానల్లో చేసే పరీక్ష కాదు. ఎలుకకు జరిగినదంతా మనిషికి జరుగుతుందనీ చెప్పలేము. ఎలియట్ కంటినీటికి దారి చేశారు. ఇప్పటివారు ఆ నీరు చెప్పే కబురు చదవాలని చూస్తున్నారు.

మిత్రులకు మనవి

సోదర పెన్షనర్లారా! లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వడం ఏ ఏడూ మరచిపోము కదా, ఆ నెలలోనే కళ్ళు కూడా చూపించుకోండి. ఒత్తిడి ఒక్కటే కొలిచి పంపితే ఊరుకోకండి. వెనుక నరాన్ని చూడమని, అవసరమైతే పక్కచూపు పరీక్ష చేయమని నోరు తెరిచి అడగండి. తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ జబ్బు ఉంటే మిగతావారికి వచ్చే అవకాశం ఎక్కువ. నా సంగతి తేలగానే మా చెల్లెలిని పరీక్షకు పంపాను. ఆమెకు తొలిదశలోనే దొరికింది, రాత్రిపూట ఒక చుక్కతో నిలకడగా ఉంది. డాక్టరు చెప్పకుండా మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసుకోకండి. వాటివల్ల కూడా ఒత్తిడి పెరగవచ్చు. వేసుకుంటున్న చుక్కలను బాగున్నదని మధ్యలో మానకండి. పోయిన చూపును ఎలియట్ ఆపరేషన్ తేలేదు, ఈనాటి ఏ మందూ తేలేదు. ఉన్నదాన్ని నిలబెట్టుకోవడమే మన చేతిలో ఉన్నది.

ఈ వ్యాసం నేను కుడికన్నుతో, పెద్ద అక్షరాలతో, రోజుకు ఒక పేజీ చొప్పున రాశాను. నా మనుమడు దానిని శుభ్రంగా తిరగరాసి ఇచ్చాడు. వాడిని కూడా నలభై దాటాక కళ్ళు చూపించుకోమని ఇప్పుడే చెప్పి పెట్టాను. మా బాపు విషయంలో మేము ఆగాము. మీ ఇంట్లో ఎవరైనా చెంబు తన్నితే పరాకని కోప్పడకండి, ఒకసారి కళ్ళు చూపించండి.